ఆదివారం సమావేశం

స్టాంపుల సంఘం గదిలోకి వస్తూనే కార్యదర్శి కిటికీలన్నీ మూసేశాడు. అధ్యక్షుడి భార్య మాత్రం ఎప్పటిలాగే కుర్చీలు వేస్తోంది.

"వదినా, పొద్దున్నే అన్నయ్యని పోలీసులు పట్టుకెళ్లారు. ఇవాళ సమావేశం ఏమిటి?"

"ఆదివారం కదయ్యా. మా మామగారు సంఘం పెట్టినప్పటినుంచీ ఒక్క ఆదివారం తప్పలేదు."

"ఆ రోజులు వేరు."

"ఏం వేరు? యుద్ధంలో బాంబులు పడుతుంటే ఆల్బమ్‌లు పట్టుకుని ఈ మెట్ల కిందే కూర్చున్నారట. వరదొచ్చిన ఏడు తడిసిన స్టాంపులన్నీ మా ఇంట్లో ఆరబెట్టాం. నువ్వు ఫ్యానేసి ఎగరగొట్టావు కూడానూ!"

"వరద మనల్ని గూఢచారులనలేదు వదినా. విదేశాల నుంచి ఉత్తరాలొస్తే చాలట, నేరమేనట. నాకూ వచ్చాయిగా."

"అందరికీ వచ్చాయి. రాకపోతే స్టాంపులెక్కడివి?"

"అందుకే ఇవాళ ఎవరూ రారు. నేనూ వెళ్లిపోతాను."

"వెళ్లు, తప్పుపట్టను. ఆయన తిరిగొచ్చి అడిగితే మాత్రం గది తెరిచానని చెప్పాలి నేను."

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. కార్యదర్శికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె కూడా చేతిలో కుర్చీ దించి ఆగిపోయింది. అయినా వెళ్లి తలుపు తీసింది.

సంఘంలో అందరికంటే పెద్దవాడైన దర్జీ, ఆల్బమ్ చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుంటే మరీ భయమేస్తోందమ్మా," అన్నాడు. "ఇక్కడైతే నలుగురం ఉంటాం కదా అని వచ్చాను."

కార్యదర్శి ఆయనకో కుర్చీ జరిపి, పక్కనే తానూ కూర్చున్నాడు.