నంబరు లేని చెట్లు

కూతురి పరిశోధనను మెచ్చుకున్నారని తెలిసి, కల్లుగీత ఆపి లాలాపేట నుంచి యూనివర్సిటీకి ఉరుకులు పరుగులతో వచ్చాడు తండ్రి.

"సర్కారుకు ఎగ్గొట్టిన కల్లు పన్ను ఎట్ల కొలిచినవ్ బిడ్డా?"

"పన్ను కట్టిన చెట్టుకే ఆబ్కారోల్లు నంబరేస్తరు గద నాయినా. నంబరు లేకున్నా కల్లు లొట్టి ఏలాడే చెట్లన్నీ లెక్కవెట్టిన."

ఆయన గొంతు తగ్గించాడు. "మన లాలాపేటల గూడనా?"

"ఆడికెళ్లే మొదలువెట్టిన. నీ రెండు చెట్లు గూడ రాసిన."

ఆయన రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. మెల్లగా ఛాతీ ఉప్పొంగింది.

"కన్నతండ్రినైనా ఇడవలే నా బిడ్డ! రేపే నంబర్లేయించుకుంట. మరి నీ లెక్క తప్పైతది గద?"

"తప్పు గావాల్ననే రాసిన, నాయినా."