ఇయ్యాల్టికి తోడు

వరంగల్ శివనగర్‌లో రాజక్క కిరాణా కొట్టు. బేరాలు లేని మధ్యాహ్నం. గల్లా పక్కన పీట మీద, పై గదిలో అద్దెకుంటున్న టోంగా దేశపు అమ్మాయి సెలా బియ్యం చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అన్ని సరే గని, నేను బాత్రూంకు పోయినా తలుపుకాడ నిలబడుడేంది బిడ్డా? కిటికీల నుంచి దుంకి పారిపోతనా?"

"అది మా మిషన్ రూల్, అమ్మమ్మా. ఒక్కదాన్నే ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరం ఉండాలి. ఒకరికొకరు కనబడుతూ ఉండాలి."

"ఆ ఇద్దట్ల ఒకామె తెల్లారకముందే పాయె. ఇంకెక్కడి రూలు?"

"సుభాషిణి సిస్టర్ వెళ్ళిపోయింది. రూల్ వెళ్ళలేదు. కొత్త సిస్టర్ వచ్చేవరకు ఎవరో ఒకరు ఉండాలి. ఈ రోజుకు మీరు నా తోడు."

"నేనా? పొద్దుగాల లేస్తే రాజన్న దేవునికి దీపం పెట్టేదాన్ని, ఏసుప్రభువు పిల్లకు తోడు. మా ఆడిబిడ్డ వింటె నవ్వి నవ్వి సస్తది."

"మీరేమీ చెయ్యక్కర్లేదు. కనబడితే చాలు."

"కనబడుడొక్కటి వచ్చు నాకు. అన్నం తిన్నవా?"

"తిన్నాను."

"ఏం తిన్నవ్?"

"గుర్తులేదు."

"అంటే తినలే. పొయ్యి మీద పప్పు ఉన్నది. లే."

"తర్వాత తింటాను. ఈ బియ్యంలో రాళ్ళు ఉన్నాయి."

"ఏరిన బియ్యమే అవి. పొద్దటి నుంచి గవ్వే ఏరుతానవ్."

"చేతికి పని ఉంటే బాగుంటుంది."

"ఏడ్వ రాదా జర? ఏడిస్తే దిగుతది. ఇన్ని నెలలు ఒక్క గదిల పండుకున్నరు, ఒక్క కంచంల తిన్నరు."

"రావడం లేదు. పళ్ళ డాక్టర్ సూది వేసిన తర్వాత చెంప ఉంటుంది కదా. ముట్టుకుంటే ఉంటుంది. కానీ మనది కాదు. అలా ఉంది."

"అయ్యో."

"నొప్పి లేదు, అమ్మమ్మా."

"గదే అంటాన, అయ్యో అని."

"పొద్దున లేచి ప్రార్థన చేశాను. చదువుకున్నాను. గుడ్డు ఉడకబెట్టాను. రెండు పెట్టాను, అలవాటుగా. తర్వాత షూస్ వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. ఒక్కదాన్నే బయటకు వెళ్ళకూడదని అప్పుడు గుర్తొచ్చింది."

"గప్పుడే గద నా కొట్లకు వచ్చినవ్. ఎండలకు తిరుగుడు తప్పింది, ఒక్కరోజన్న ఊపిరి తీసుకో. ఊరంత తలుపులు కొట్టుకుంట తిరిగితిరి."

"కొందరు నీళ్ళు ఇస్తారు. కొందరు కుక్కను విడిచిపెడతారు. మొదట్లో నీళ్ళు ఇస్తే సంతోషం, కుక్క వస్తే భయం. ఇప్పుడు రెండూ ఒకటే. సుభాషిణికి అలా కాదు. ఎవరైనా తలుపు వేస్తే రాత్రంతా వాళ్ళ గురించే మాట్లాడేది."

"అది మెత్తటి పిల్ల. రైలు కూత వినంగనే ముఖం మాడ్చుకునేది."

"డోర్నకల్ బండి కూత అయితే పళ్ళెం పక్కన పెట్టేసేది. వాళ్ళ నాన్న అక్కడే గ్యాంగ్‌మన్. బండి ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండవచ్చు. కానీ వెళ్ళకూడదు. సోమవారం ఫోన్ మాత్రమే."

"గంత దగ్గరుండి గంత దూరం పెట్టుడేంది? నీదన్న సముద్రం అవుతల. మీ ఊరి పేరు చెప్తె నేను గుర్రం టాంగా అనుకున్న."

"ఆ రోజు సుభాషిణి కింద పడి నవ్వింది."

"నువ్వు నవ్వలే."

"నాకు అప్పుడు టాంగా అంటే తెలియదు."

"ఓ రాజక్కా, పావుకిలో చక్కెరియ్యి. గీ పిల్ల ఒక్కతే కూసున్నదేంది? ఇంకొకామె ఏది? ఎప్పుడు చూసినా ఎడ్ల జతోలె తిరుగుతరు గద."

"పైన పండుకున్నది యాకమ్మా. జరం."

"జరమా? పొద్దుగాల మా ఇంటాయన పాలకు పోతాంటె సూట్‌కేస్ పట్టుకొని టేషన్ దిక్కు పోతాందట."

"మీ ఇంటాయనకు అద్దాలు మార్పియ్యి. దవాఖానకు పోయింది గావచ్చు."

"ఇప్పుడే పైన పండుకున్నదంటివి."

"పోయి వచ్చి పండుకున్నది. చక్కెర తీస్కో, చీమలు వడ్తయి."

"ఏమ్మా సెలా, నిజమేనా?"

"చక్కెర సంచి కింద కారుతోంది, యాకమ్మత్తా."

"ఓయమ్మ, నిజమే. పోతాన, పోతాన."

"పోయొస్త అనవే, పోతాన అంటదేంది. ఎన్నిసార్లు చెప్పాలె దీనికి."

"అమ్మమ్మా, మీరు అబద్ధం చెప్పారు."

"నేను చెప్పిన. నువ్వు చెప్పలే గద. నీ రూలు నీ కాడనే ఉన్నది."

"సాయంత్రం హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. రోజూ వస్తుంది. ఇద్దరూ బాగున్నారా అని అడుగుతారు."

"పొద్దుగాలనే నువ్వే చేసి చెప్పొచ్చు గద."

"చెయ్యవచ్చు."

"మరెందుకు చెయ్యలే?"

"పొద్దున చెబితే ఆమెను డోర్నకల్ స్టేషన్‌లోనే ఆపేవారు. వాళ్ళ పాస్టర్ వచ్చి వెనక్కి పంపేవాడు. ఇప్పుడు ఇల్లు చేరి ఉంటుంది. అమ్మ ముఖం చూసి ఉంటుంది."

"మంచిగ చేసినవ్. మరి నిన్నేమంటరు?"

"నేను నిద్రలో ఉండగా ఆమె వెళ్ళిపోతే నా తప్పు లేదు. ఇంకొక సిస్టర్‌ను పంపిస్తారు, నేను ఇక్కడే ఉంటాను. తెలిసి వెళ్ళనిస్తే నన్ను కూడా మా దేశం పంపించేస్తారు. ఒకరినొకరు కాపాడుకోవాలి. మొదటి రోజే అది చదివి సంతకం పెట్టాం."

"ఇగ ఫికర్ ఎందుకు? నిద్రలనే ఉంటివి."

"ఈ చాట అయిపోయింది. ఇంకేమైనా ఉందా ఏరడానికి?"

"నిద్రలున్న అని చెప్తె అయిపాయె. అబద్ధం గూడ కాదు."

"కందిపప్పు ఏరనా?"

"నేను అడిగేదేంది, నువ్వు చెప్పేదేంది."

"గేటు గురించి కూడా అడుగుతారు. తాళం ఎవరు తీశారు అని."

"తాళం వేసుడు మర్చిన్నని చెప్పు. ముసల్ది, మర్చిపోయిందను."

"మీరు మర్చిపోరు. వేసి, లాగి చూస్తారు. మంచం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగి చూస్తారు."

"నా భయం నాది. కందిపప్పు గా డబ్బాల ఉన్నది, తీస్కో."

"మీకెందుకు అంత భయం, అమ్మమ్మా?"

"నా ఇంట్లకెళ్ళి పోయినోళ్ళు మళ్ళ రారు బిడ్డా. మా ఇంటాయన రాజమల్లు భీవండి పోయిండు, మగ్గాల పనికి. నిద్రలున్నదాన్ని లేపి మరీ చెప్పిండు. నేను కాళ్ళకు అడ్డం పడి ఏడ్చిన. 'పోయేటోన్ని ఏడ్చి సాగదోల్తవా, శనిదానా' అన్నడు. పోయిండు. ఆడనే ఖతమైండు. కాపురంల ఎన్ని మాటలు మాట్లాడుకోలే? చెవుల మిగిలింది గదొక్కటే."

"శనిదానా అంటే?"

"తిట్టు. నీ తెలుగు క్లాసుల చెప్పరు."

"మా విమానాశ్రయంలో అందరూ పాడారు. అమ్మ, అత్తలు, చర్చివాళ్ళు, చిన్నపిల్లలు. నన్ను నవ్వుతూ వెళ్ళమన్నారు. నేను నవ్వాను. ఫోటోలో బాగుంది."

"లోపలనో?"

"లోపల ఏముందో చూడలేదు. అప్పటి నుంచి చూడలేదు."

"నా మాట విను. ఉండు నువ్వు. కొత్త పిల్ల వస్తే ఆమెకు తెలుగు నేర్పు, నాకు మీ పాటలు నేర్పు. నేను దండం పెట్టేది రాజన్నకే గని, పాటకేమున్నది."

"ఉండాలనే ఉంది, అమ్మమ్మా."

"ఉంటె గా ఒక్క మాట చెప్పు. నిద్రలున్న."

"చూస్తాను."

"చూసుడేంది? నిజం చెప్పుటానికి చూసుడేంది?"

వీధి దీపాలు వెలిగాయి. షట్టర్ సగం దించి ఉంది. గల్లా మీద, ఇద్దరు సిస్టర్లకూ కలిపి ఇచ్చిన ఫోన్ మోగుతోంది.

"ఆఫీసోళ్ళేనా?"

"అవును."

"ఎత్తకు. ఆగు. ఫోన్ నా చేతికియ్యి. ఒక్క మాట చెప్పాలె నీకు."

"కట్ అయితే మళ్ళీ చేస్తారు. ఎత్తకపోతే కంగారు పడతారు."

"పడనియ్యి. గేటు తాళం నేనే తీసిన. విన్నవా? నేనే. ఆ పిల్ల చీకట్ల వచ్చి నా తలుపు కొట్టింది. గా బరువు సూట్‌కేస్ మెట్లు దింపలేకపోతాంది, నేను పైకొచ్చి ఒక చెయ్యేసిన."

"సరే, అమ్మమ్మా."

"సరే కాదు. విను. నీకు చెప్పకుండ పోయిందని కుములుతానవ్ గద, గట్ల కాదు. నీ మంచం కాడ నిలబడ్డది. శానాసేపు నిలబడ్డది. లేపి ఒక్క మాట చెప్పి పోతన్నది. నేనే వద్దన్న. తప్పు నాది, ఆ పిల్లది కాదు. నువ్వు నిద్రల ఉన్నవ్. గంతే. గదే చెప్పు."

"'లేపకు బిడ్డా, లేస్తే ఇద్దరు ఏడుస్తరు, గా ఏడుపే మిగుల్తది' అన్నారు."

"ఆ, గట్లనే అన్న."

"అప్పుడు ఆమె నా దుప్పటి కాళ్ళ దాకా లాగింది."

"లాగింది. నీకెవలు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు."

"సెలా."

"ఆమె ఎక్కడికి వెళితే నేనూ అక్కడికి వెళ్ళాలి. కళ్ళు తెరిస్తే లేవాలి, ఆమెతో స్టేషన్‌కు వెళ్ళాలి. వెళితే నేనూ బండి ఎక్కేదాన్ని. ఎక్కితే మళ్ళీ ఈ గేటుకు వచ్చేదాన్ని కాదు, అమ్మమ్మా. అది నాకు తెలుసు. అందుకే గట్టిగా మూసుకుని పడుకున్నాను."

"గా మాట వాళ్ళకెందుకు? నాకు చెప్పినవ్, చాలు. అమ్మా, నా తల్లి, నిద్రలున్న అను."

"మళ్ళీ మోగుతోంది. ఇటివ్వండి."

"ఇయ్య."

"వేళ్ళు వదలండి. ఇవ్వండి అమ్మమ్మా. హలో, సిస్టర్. లేదు, ఇద్దరం కాదు. సుభాషిణి సిస్టర్ పొద్దున ఇంటికి వెళ్ళిపోయింది. లేదు, సిస్టర్. నిద్రలో లేను. నేను మేలుకునే ఉన్నాను."