నలభై మెట్ల తపస్సు

పుంగనూరు పక్కన ఒక ఊరి బడి వరండా. భారతం ఉత్సవాల్లో ఆ పొద్దు అర్జునుడి తపస్సు. మెట్లు కొట్టిన ఎత్తైన తపసు మాను బయట నిలబెట్టి ఉంది. దాన్ని ఎక్కవలసిన మునెప్పకు, మద్దెల చెంగయ్య రంగు పూస్తున్నాడు.

"కదలబాకు మునెప్పా. కాటిక సెవి దాకా పోయింది."

"నేను యాడ కదిల్నాను మామా? నీ సెయ్యే పక్కకి పోతాండాది."

"నా సెయ్యి గాదు, నీ తల. ఎన్ని దినాలైంది పండుకొని?"

"పండుకొనేకి పొద్దుందా? కుప్పంలో పద్దెనిమిది దినాలు, రామకుప్పంలో పద్దెనిమిది, ఈడ పదమూడు."

"నిన్న వస్త్రాపహరణంలో నిలబడుకొనే నిద్రపోయినావే!"

"అది అభినయం మామా. పెండ్లానికి అంత అగుమానం జరగతాంటే అర్జునుడు కండ్లు తెరుసుకుంటాడా?"

"గురక గూడా అభినయమేనా?"

"మైకు అట్ల పట్టింది."

"నవ్వులాట ఇడిసిపెట్టు. ఈ పూట నువ్వు ఎక్కబాకు. మన మేళం వెంకటేశులు ఎక్కతాడు."

"వెంకటేశులా? బడి మెట్లెక్కితేనే వానికి ఆయాసం! అయినా కంకణం కట్టుకున్నోడే గదా ఎక్కాల్సింది. ఉత్సవాల నడాన ఇప్పితే ఊరికి మంచిది కాదని సెప్పేది నువ్వే."

"నేనే. ఇప్పుడు ఇప్పెయ్ అనేది గూడా నేనే."

"...అద్దం ఇట్లియ్యి."

"మాట దాటెయ్యబాకు. పోయినేటి దాకా మానుకి ముప్పై మెట్లు. ఈ ఏడు నలభై యాల కొట్టించినావు?"

"పోయినేడు తపస్సుకి ఎంతమంది వచ్చినారు మామా? కుక్కతో కలిపి పదకొండు! జనమంతా టీవీల ముందర కూసున్నారు. అందుకే కొత్త పద్యాలు కట్టినా. నా సొంతం. మెట్టుకొకటి. కాయితం మీంద ఒగటీ లేదు, అన్నీ ఈడ, తలకాయలో."

"మరి నేను నేర్పిన పాతవి?"

"చోటు సాల్లేదు. బయటికి తోసేసినా."

"తోసేసినావా?"

"రామకుప్పంలో కొత్తది ఒగటి పాడి సూసినా మామా. రాగి చేలో పడిన ఏనుగులు మేత మానేసినాయి. ఒగటైతే తొండమెత్తి వన్స్‌మోర్ అనింది!"

"అనింటాది. ఏదీ, ఆ మొదటి పద్యం అను."

"...ఈడ కూసుంటే రాదు. మెట్టు పట్టుకుంటేనే వస్తాది."

"రాదా?"

"రాదు. మెట్టు పట్టుకుంటే పద్యం. పద్యం అయిపోతేనే కాలు. పద్యం లేకుండా కాలు కదిల్చబాకని నేర్పింది నువ్వే గదా?"

"నేర్పినా. చింతబరిక ఇరిగేదాకా నేర్పినా."

"ఆ బరిక ఇంకా నా పిక్కల్లోనే ఉండాది. మొన్న బావి కాడికి పోతే కాలు ముందరికి రాదు. నిలబడిపోయినా. ఒగ పద్యం పాడితే గానీ కదల్లేదు. మంగమ్మ సూసి ఏడ్సింది."

"నవ్వింటాది."

"ఏడ్సింది మామా. నా పెండ్లాం ఏడుపు నాకు తెలీదా?"

"మునెప్పా, నా మాట ఇను. రంగు తుడిసేస్తా. జరమని సెప్తా."

"అదో, కేకలు ఇను! గోడల మీంద గూడా ఎక్కినారు జనం. ఇంతమందిని నా బతుకులో సూళ్లేదు. కిరీటం కట్టు."

"తుడిసేస్తానంటే ఇనవే!"

"కట్టు మామా."

"కడతాండా. పైకి పోతావు, కింద జనానికి నిమ్మకాయలు ఇసురుతావు, శివుని కాడ అస్త్రం తీసుకుంటావు. అంతవరకు మద్దెల నేను సూసుకుంటా. దిగే పద్యాలు ఏ తాళంలో కట్టినావు? అవి నాకు సెప్పనే లేదే."

"దిగేవా?"

"నలభై మెట్లు దిగాల గదప్పా."

"దిగేది ఒగటుందని... నువ్వు అడిగేదాకా నాకు తట్టనే లేదు మామా."