అవతలి గదిలో మనిషి

హలో… ఆ, నేనే. చెప్పవే పొట్టీ…

ల్యాబ్ బయటే ఉన్నాను, మెట్ల మీద… ఏంటీ, కంగ్రాట్సా? దేనికి?…

ఆగు. స్వీట్లూ లేవు, గీట్లూ లేవు. నాకు రాలేదు.

రాలేదే! రీసెర్చ్ అవకాశం రాలేదు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?…

మార్కులకేం, బాగానే ఉన్నాయి. ఇంటర్వ్యూ కూడా బాగానే చేశాను… నువ్వు నీ పేరు తీయించుకున్నావుగా. అందుకే.

— అబద్ధం ఆడకు. మేడమ్ చెప్పేశారు. ఇంట్లో కుదరదన్నావట. ఇంట్లో ఏం కుదరదే? అక్కడి హాస్టల్‌కని మీ అమ్మగారు మనిద్దరికీ దుప్పట్లు కూడా సర్దేశారు!…

కాలేజీకి ఒక్కరినే తీసుకుంటారని ఎవడు చెప్పాడు నీకు?… ఆ సీనియర్ గాడా! సొంత ప్రాజెక్టే తేల్చుకోలేని వాడి మాట పట్టుకుని…

ఒక్కరినెలా తీసుకుంటారే? బుర్ర పెట్టి ఆలోచించు. మన పనేంటి? ఫైబర్ కేబుల్ తెగితే, కబురు ఆగకుండా వైర్‌లెస్‌లో వెళ్లిపోవాలి. ఈ గదిలో ఒకరు పంపాలి, అవతలి గదిలో ఒకరు అందుకోవాలి. ఏడాదిగా అదే కదా చేశాం? నువ్వక్కడ ఫైబర్‌ని వేలితో కాస్త వంచేదానివి, ఇక్కడ నా మీటర్‌లో రీడింగ్ టక్కున పడిపోయేది. అది టీకి రమ్మని నీ పిలుపు… నవ్వకే. నువ్వు నవ్వితే నాకు ఏడుపొస్తోంది.

ఆ ప్రాజెక్టుకి జంటలనే తీసుకుంటారట. మేడమ్ మన పేర్లు జంటగానే పంపారు. ఒక పేరు పోతే రెండోదీ పోయినట్టే. పొద్దున వేరే ఇద్దరిని ఖాయం చేసేశారు…

ఇప్పుడు మేడమ్‌కి ఫోన్ చేసి ఏం చెప్తావు? నేను కాళ్లావేళ్లా పడ్డాను. తన చేతుల్లో లేదన్నారు.

… తెలుసు. నా కోసమే చేశావని తెలుసు. అందుకే గుండె కోసేసినట్టుంది. నన్ను ఒక్క మాట అడిగితే ఇద్దరం వెళ్లి మేడమ్‌నే కనుక్కునేవాళ్లం కదే!… వద్దంటానని అడగలేదా? మరి! వద్దంటానని తెలిసీ చేశావు.

…

ఇంకోటి. వేరేవాళ్ల నోట వినడం కంటే నేనే చెప్తాను. తర్వాతి బ్యాచ్‌కి నన్ను మళ్లీ అప్లై చేయమన్నారు మేడమ్. వేరే అమ్మాయితో… ఆ. ఒప్పుకున్నాను.

ఆలోచించే ఒప్పుకున్నాను… నువ్వు వస్తానన్నా సరే. ఎలా కూర్చోనే నేను ఈ గదిలో? అవతల నువ్వు ఉన్నావో, నా మంచికేనని చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోయావో అనుకుంటూ…

శిక్షేంటే… భయంగా ఉంది నాకు.

ఏడవకు. నీ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు. ఎక్కడికి పోతుంది?… ఒక్క నిమిషం, ఆ అమ్మాయి వచ్చింది — ఆ, చెప్పు… కుర్చీలోవా? బల్ల మీద పెట్టు. జాగ్రత్తగా.

… నీ సామాన్లేనే. కళ్లజోడు డబ్బా, స్వెట్టరు. తను కూర్చోవాలి కదా, తీస్తోంది… నేను పంపిస్తాలే.

వద్దు. నువ్వు రాకు… ఇవాళ మాత్రం రాకు.

ఉంటానే.