ధనలచ్చమ్మగారు లారీ ఎక్కిన ట్రిప్పు

ఏటి, డ్రైవరు జీతం పెంచమన్నాడని మొకం అలగెట్టుకున్నావా? కూసో. ఆ కుర్చీ ఒద్దు, దాని కాలు ఇరిగినాది, ఈ మంచం మీద కూసో. నీకున్నవి రెండు బళ్లు, ఆటికి ఇద్దరు డ్రైవర్లు. అందులో ఒకడు పెంచమన్నాడు, నువ్వు సూత్తాన్లే అన్నావు. సూత్తాన్లే అంటే అర్థమేటో నీకూ తెలుసు, ఆడికీ తెలుసు. ఒరే తేజా, జీతం పెంచమని ఒచ్చినోడికి ఏటి సెప్పాలో ఈ పలాసలో ఒక్క మనిసికే తెలుసును. ఆవిడిప్పుడు నేదు. ధనలచ్చమ్మగారని, నువ్వు సూణ్ణేదు. మీ నాన్నకి బాగా తెలుసు, ఆవిడెదురైతే సైకిల్ దిగిపోయీవోడు. ఎందుకు దిగీవోడో ఆడికే తెలీదు.

ఆవిడ అత్తోరిది నిమ్మాడేపు పెద్ద రైతు కుటుంబం. పెనిమిటి మూడు లారీలు కొన్నాడు, ఆటి వాయిదాలు తీరకుండానే పోయేడు. సుట్టాలందరూ బళ్లు అమ్మీమన్నారు. 'గేదెల్ని మేపినాను, లారీల్ని మేపలేనా' అంది ఆవిడ. అలగే మేపినాది. కాశీబుగ్గలో చిన్న ఆఫీసు, అందులో నాను గుమాస్తాని. జీడిపప్పు, ఉద్దానం కొబ్బరికాయలు, భావనపాడు ఎండుచేపలు, ఏది దొరికితే అది ఎక్కించీవోళ్ళం. ఎండుచేపలేసిన బండికి ఎంటనే జీడిపప్పు ఎక్కించకూడదు. ఒకసారి నాను ఎక్కించేసి... ఆ గొడవ ఇప్పుడొద్దులే, ఆ జీడిపప్పు సేటు పోయీదాకా నాతో మాటాణ్ణేదు.

మన కత ఢిల్లీబాబుది. అక్కుపల్లి మనిసి. ఇంటిల్లిపాదీ సముద్రం మీద ఏటకెళ్ళీవోళ్ళే, ఈడికి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పీది. ఆళ్లయ్య తిట్టి తిట్టి, 'పోరా, నేల మీద తిరుగు' అన్నాడంట. అలగొచ్చి లారీ ఎక్కినాడు. మంచి సెయ్యి. కోడిగుడ్లు బుట్టలో ఎట్టిచ్చినా పగలకుండా ఒడిసాలో కటకం దాకా తీసుకెళ్ళీవోడు. నోరు మాత్రం నేదు. జీతం పెంచమని అడగాల, అడగలేడు. నా కాడికొచ్చి, 'గుమాస్తాగారూ, అమ్మగారితో మీరొక మాట సెప్పండి' అన్నాడు. నాకేటి అవసరం? నువ్వే అడుక్కో అన్నాను. పాపం, లారీ అద్దంలో మొకం సూసుకొని పాఠం అప్పజెప్పుకునీవోడు. తీరా ఆఫీసులోకొచ్చి, 'అమ్మా, టైర్లలో గాలి బాగానే ఉందండి' అనీసి ఎల్లిపోయీవోడు. ఆవిడ, 'ఈడికి గాలి మీద ఇంత బెంగేట్రా' అనీది.

ఇలగుండగా టెక్కలిలో ఇంకో ఓనరు, ఎక్కువిత్తాను నా బండెక్కు అన్నాడు. దాంతో ఈడికి మాటొచ్చింది. ఒచ్చి నిలబడి, గోడకేసి సూత్తా, 'అమ్మా, జీతం సాలట్లేదు. టెక్కలాయన రమ్మంతన్నాడు' అన్నాడు. ఇక్కడ నువ్వయితే ఏటంటావు? పోతే పో అంటావు, నేపోతే సూత్తాన్లే అంటావు. ఆవిడ ఆ రెండూ అన్నేదు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుసుకొని, 'ఢిల్లీ, నువ్వు రోడ్డు మీద ఏటి పడతన్నావో నాను ఎప్పుడూ సూణ్ణేదురా. సూడకుండా ఎక్కువో తక్కువో ఎలగ సెప్పేది? రేపు కటకం ట్రిప్పుకి నానూ ఒత్తాను' అంది. ఆడు నా మొకం సూసేడు. నాను కేలండరు సూసేను. 'గుమాస్తాగారూ, మీరూ రండి. క్లీనరు ఆళ్లక్క పెళ్ళికెళ్ళేడు' అంది. అదిగో, అలగ నాను క్లీనర్నయిపోయేను. పంచె కట్టుకొని, బండి పక్కన సెయ్యేసి కొడతా, రైట్ రైట్ అనాల.

మర్నాడు పొద్దున్న ఆవిడ ఒచ్చినాది సూడు. సంకలో గొడుగు, ఒక సేత్తో దిండు, ఒక సేత్తో కేరేజీ, బండెక్కడానికి ఇంట్లో పీట. ఎనకాల కొబ్బరికాయలు, ముందు మేం ముగ్గురం. నాలుగు లైన్ల రోడ్డు ఏత్తన్న రోజులవి, సగం తవ్వీసి ఒగ్గేసినారు. ఇచ్ఛాపురం ఎల్లీదాకా ఆవిడ నోరు మూణ్ణేదు. 'ఒరే కుక్క. ఒరే మేక. ఆ సైకిలోడు తాగినట్టున్నాడు, దూరంగా పోనీ. హారనెందుకురా అంత గట్టిగా, నిద్దరోతన్న పిల్లగుంటలుంటారు.' ఢిల్లీబాబుకి సెమటలు. పడవలో తిప్పినట్టు తిప్పతందండి అన్నాడు నా సెవిలో. సిలక సరస్సు దాటినాక టైరు పేలింది. మిట్టమధ్యాన్నం ఎండ. ఆడు జాకీ ఎడతంటే, ఈవిడ దిగి ఆడి నెత్తి మీద గొడుగు పట్టుకు నిలబడింది. ఒద్దమ్మా అంటే ఇన్నేదు. నాకెవులు పడతారు గొడుగు? నాను బోల్టులు పట్టుకొని ఎండలోనే ఉన్నాను.

కటకం సేరేం. అసలు సంగతి అక్కడ. గోడౌన్ ముందర లారీలు వరసగా ఉన్నాయి. గేటు కాడి మనిసి 'రుహ, రుహ' అన్నాడు. ఆగమని. ఆవిడ పుట్టిల్లు ఇచ్ఛాపురమేపు గదా, ఒడియా బాగా ఒచ్చు, ఆగుదాం అంది. సాయంత్రమైంది, రాత్రయింది, రుహ. తెల్లారింది, మళ్ళీ రుహ. కూసోడానికి సోటు నేదు, మొకం కడుక్కోడానికి నీల్లు నేవు. ఆవిడ పక్కింటోళ్లని బతిమాలుకొని తానం సేసి ఒచ్చినాది. ఒచ్చి అడిగింది, 'ఎప్పుడూ ఇలగే ఆపుతారేట్రా?' 'ఎప్పుడూ ఇంతేనమ్మా.' 'మరి ఆగిన రోజులకి నీకేటొత్తాది?' 'ట్రిప్పుకి గదమ్మా నా జీతం. ఆగినందుకేటుంటాది.' 'నాకెందుకు సెప్పనేదు?' 'సెప్తే దార్లో తొంగున్నాననుకుంటారని.' దారంతా కుక్కనీ మేకనీ ఒగ్గని మనిసి, సీటు మీద సేతులు కట్టుకొని అలగే కూసుండిపోయింది. నాకు భయమేసింది బాబూ.

కొంతసేపటికి దిగి, తిన్నగా గోడౌన్ సేటు గదిలోకెళ్ళింది. ఎనకాల మేం. ఆ సేటు ఢిల్లీబాబుని సూసి, ఈవిడ్ని సూసి, 'ఏటమ్మా, కొడుకుతో పాటు బండి మీద తిరుగుతన్నావా' అన్నాడు. 'నా కొడుకు కాదు, మా డ్రైవరు. నాను బండి ఓనర్ని' అంది. సేటు లేచిపోయి తన కుర్చీ ఇటు తోసేడు. ఆవిడ ఏటందంటే, 'నాకొద్దు బాబూ. నిన్నటి నుంచి నిలబడ్డోడు ఆడు, ఆడికియ్యి.' ఢిల్లీబాబు ఆ కుర్చీ అంచు మీద, ఇంజక్షన్ ఏయించుకోడానికొచ్చినోడి నాగ కూసున్నాడు. అప్పుడు బేరం మొదలెట్టింది. ఒక పూట దాటి ఆపితే హాల్టింగ్ సార్జీ సేటే ఇయ్యాల, నేపోతే ఇకమీదట మా కొబ్బరి బరంపురంలోనే దిగిపోతాది. సేటు కూసోలేక నిలబడలేక గింజుకొని గింజుకొని, సగమిత్తానన్నాడు. సరే అంది. ఆ పూటే లోడు దిగింది.

తిరుగు తోవలో ఢిల్లీబాబు మెల్లగా అన్నాడు, 'అమ్మా, జీతం పెంచకపోయినా పర్నేదు, మీరు మాత్రం మళ్ళీ బండెక్కకండి.' ఆవిడ నవ్వినాది సూడు, కళ్లంట నీల్లొచ్చీదాకా నవ్వినాది. పలాస ఒచ్చీసినాక ఆఫీసులో కూసోబెట్టి సెప్పింది. 'టెక్కలాయన పెంచుతానన్నంత ఇయ్యలేను, బళ్ల వాయిదాలింకా ఉన్నాయి. అందులో సగం పెంచుతాను. ఆగిన రోజుకి హాల్టింగ్ ఇత్తాను, సేటిచ్చినా ఇయ్యకపోయినా. ఆ సీటు మార్పిత్తాను, దాని సంగతి నా నడుమే సెప్పింది. టెక్కలెల్తానంటే ఎల్లు, కోపం నేదు. సెప్పి ఎల్లు.' ఆడు దాచుకోకుండా టెక్కలెళ్ళేడు. ఆగిన రోజుకేటిత్తారండి అని ఆ ఓనర్ని అడిగితే, ఆయన పక్కోడికి సెప్పి మరీ నవ్వేడంట. సాయంత్రానికి ఈడు తిరిగొచ్చీసి, బండి కడగడం మొదలెట్టినాడు.

నానూ ధైర్యం సేసి అడిగేన్లే, నా జీతం సంగతి. 'అలగయితే ఒక పదిరోజులు నీ పక్కన కుర్చీ ఏసుకొని కూసుంటాను' అంది. ఒద్దమ్మా, ఉన్నది సాలన్నాను.

తర్వాత మిగతా లారీ ఓనర్లు నలుగురు ఒచ్చి గొడవ. 'మీవల్ల మా డ్రైవర్లూ హాల్టింగ్ అడుగుతన్నారు, ఊరు పాడుసేత్తన్నారు మీరు' అని. ఆవిడ కాఫీ ఇప్పించి, 'మీరూ ఒక ట్రిప్పు ఎల్లి రండి, తర్వాత మాటాడుకుందాం' అంది. ముగ్గురు కాఫీ తాగీసి ఎల్లిపోయేరు. నాలుగోవోడు రోషానికి బండెక్కినాడు. ఇచ్ఛాపురంలో దిగిపోయి, నడుం పట్టుకొని బస్సులో ఒచ్చీసేడు. ఆడు మర్నాటి నుంచే ఇచ్చేడు హాల్టింగ్.

ఆఖర్లో ఆవిడకీ ఉద్దానం కిడ్నీ జబ్బే ఒచ్చినాది. వారానికి రెండుమాట్లు డయాలసిస్‌కి విశాఖపట్నం. కారు డ్రైవర్నెడతామని సుట్టాలంటే, ఢిల్లీబాబు ఒప్పుకోనేదు, నానే తీసుకెల్తానన్నాడు. ఒకరోజు నానూ ఎల్లేను. ఆస్పత్రిలో బల్ల మీద కూసున్నాం, ఆవిడ వంతు ఎంతకీ రానేదు. ఆవిడ సన్నగా అంది, 'గుమాస్తాగారూ, ఢిల్లీకి ఇక్కడ కూసున్న రోజులకి కూడా హాల్టింగ్ రాత్తన్నారా?' ఆడు తల దించీసి, 'ఒద్దమ్మా' అన్నాడు. 'ఒద్దంటే ఎలగరా, ఆగడం ఎక్కడైనా ఆగడమేగా' అంది. ఆడు లేచి, నీల్లట్టుకొత్తానని బయటికెళ్ళేడు. నీల్ల సీసా ఆవిడ పక్కనే ఉన్నాది.

...

ఆఁ. ఎండెక్కినాది. ఒకమాటు ఆ తలుపు జేరెయ్. అమ్మాయ్ కృష్ణేణీ, అన్నం ఒండినావా? ఈ బాబు కూడా తింటాడు, కంచం ఎట్టు.