ఓడీల్ తోసిన తోపు

రేపే సైకిల్ రేసు. బయట కొండ రోడ్డు పొడుగునా కంచెలు పెడుతున్నారు. గోడెలీవ్ బారులో మాత్రం ఓడీల్ బీరు గ్లాసు పట్టుకుని అప్పుడే మొదలెట్టేశాడు.

"రేపు మీరంతా ఆ వంపు దగ్గర నిలబడి చప్పట్లు కొడతారు, అంతేగా? రేసు చూడ్డమంటే అది కాదర్రా. అందులో మన చెయ్యి కూడా ఉండాలి. ఆ వానల ఏడు ఇక్కడే ఒకణ్ణి గెలిపించాను, తెలుసా?"

"నువ్వా బాబాయ్!" అన్నాడు వానెస్. రేపటి రేసులో వాళ్ల తమ్ముడు తొక్కుతున్నాడు, పొద్దుటినుంచీ ఆ కంగారులోనే ఉన్నాడు.

"నేనే మరి! విను. రాళ్ల రోడ్డు సబ్బు రాసినట్టుంది. నా చేతిలో వేడి వేడి బంగాళాదుంప వేపుళ్ల పొట్లం, పైన ఇంత మయొనైజు. అందరూ వెళ్లిపోయాక ఒకడొచ్చాడు, మొహం నిండా బురద. సరిగ్గా నా ముందు ఆగిపోయి, సైకిల్ మీద వాలిపోయి ఆయాసపడుతున్నాడు. నాకు కడుపు తరుక్కుపోయింది. పొట్లం పళ్లతో కరిచిపట్టి, రెండు చేతులూ వాడి నడుముకి ఆనించి, ఒక్క తోపు తోశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కొండెక్కాడు," అన్నారెవరో.

"ఎక్కడమేంటయ్యా, కొండే వాడికి దారిచ్చింది! ముందెళ్లిన గుంపుని దాటాడు, పోలీసు మోటారుసైకిళ్లని దాటాడు, ఆ గాలికి చర్చి గంట దానంతటదే మోగింది. కొండ కొసనుంచి లేచినవాడు మళ్లీ నేల మీద వాలితేనా! టీవీ హెలికాప్టర్ వాడు పక్కకి తప్పుకుని చెయ్యూపాడు."

"మరి బ్రేకు?"

"పట్టాడు పాపం, చేతికి ఊడొచ్చింది! గెలుపు గీత మీదుగా ఎగిరెళ్లి సముద్రంలో రొయ్యల వలలో పడ్డాడు. జాలర్లు పైకిలాగి, రొయ్యల బండిలో వెనక్కి తెచ్చి గీత మీద నిలబెట్టారు. అప్పటికీ రెండోవాడి జాడే లేదు!"

బారంతా గొల్లున నవ్వింది. గ్లాసు తుడుస్తున్న గోడెలీవ్ తలెత్తింది.

"ఓడీల్, ఆ ఏడు వానకి మన కొండ రోడ్డు రాళ్లు కొట్టుకుపోతే రేసు కింది రోడ్డున పోయింది కదయ్యా."

"మరి బాబాయ్ తోసిందెవర్ని?" అన్నాడు వానెస్.

"మా ఆయన్ని! కోళ్లకి దాణా తెస్తూ, కాస్త ఊపిరి తీసుకుందామని ఆగాడు. ఈ మహానుభావుడు వెనకనుంచొచ్చి, 'పోరా, గెలుపు నీదే!' అని ఒక్క తోపు తోశాడు. వంపు తిరగలేక సైకిల్‌తో సహా తిన్నగా పేడగుంటలో పడ్డాడు. చలిలో పెరట్లో నిలబెట్టి గొట్టంతో కడిగాను."

నవ్వులతో బల్లలు అదిరిపోయాయి. వానెస్ కళ్లు తుడుచుకుంటూ, "బాబాయ్, దణ్ణం పెడతాను, రేపు మావాడి దరిదాపుల్లోకి రాకు," అన్నాడు.

ఓడీల్ తాపీగా గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకున్నాడు.

"ఏం గోడెలీవ్, ఆ పేడగుంటలోకి మీ ఆయనకంటే ముందు ఎవడైనా చేరాడా?"