ఎక్కించిన మెట్లు, దింపిన ఓట్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న మన వార్డు కొత్త కౌన్సిలర్ గారికి, అంటే మా ఇంటి పై వాటాలో ఉండే నా తోటికోడలికి (నవ్వులు), ముందు వరుసలో కూర్చుని ఇప్పటికే ఆవులిస్తున్న పెద్దలకు, వెనక నిలబడి టీ ఎప్పుడిస్తారా అని గుమ్మం వైపు చూస్తున్న మిత్రులకు, నాకు ఓటేసినవాళ్లకు, వెయ్యనివాళ్లకు, వేశామని చెప్పి వెయ్యనివాళ్లకు, అందరికీ నమస్కారం. ఆ చివరి జట్టువాళ్లే ఇవాళ ఎక్కువమంది వచ్చినట్టున్నారు. ఫర్వాలేదు, మొహమాటపడకుండా కూర్చోండి.

ఓడిపోయినవాళ్లకు సన్మానం చేసే అలవాటు ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. సెలూన్ పెద్దాయన మొన్న ఇంటికొచ్చి, "అమ్మా, మీకు వీడ్కోలు సభ పెడుతున్నాం, తప్పకుండా రావాలి" అంటే, "మీరు చెప్పాల్సిన వీడ్కోలు పోలింగు రోజే చెప్పేశారు కదండీ, మళ్లీ ఇదెందుకు?" అన్నాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "అది రహస్యంగా చెప్పాం. ఇది బహిరంగంగా చెబుతాం" అన్నారు. (నవ్వులు) చప్పట్లు కొట్టకండి, ఆయనకు అలవాటైపోతుంది.

కౌన్సిలర్ కాకముందు నేను ఈ వీధి మొదట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేదాన్నని మీకందరికీ తెలుసు. కొలతలు ఇచ్చిన మనిషి, బట్టలు చేతికొచ్చేలోపు లావైపోతే తప్పు ఎవరిది? దర్జీది. రాజకీయమూ అంతేనని అప్పుడు నాకు తెలియలేదు. మొదటిసారి గెలిచినప్పుడు వీధి చివర ఆరిపోయిన దీపం ఒకటి వెలిగించాను. దానికే లెక్కల మాస్టారు మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అదే మాస్టారు, మొన్నామధ్య రోడ్డు పొడుగునా కొత్త దీపాలు వేయిస్తే, తల పైకెత్తి కాసేపు చూసి, "బాగానే ఉన్నాయిగానీ, కాస్త పసుపు ఎక్కువైందమ్మా. తెల్లటివి దొరకలేదా?" అన్నారు. మాస్టారూ, పక్కవాళ్ల వైపు చూడకండి, మీ గురించే చెబుతున్నాను.

సరే, అసలు కథకొస్తాను. నన్ను గద్దె దించింది మెట్లే కాబట్టి ఆ మెట్ల కథ చెప్పకుండా వెళ్లిపోతే నాకు నిద్రపట్టదు.

దేశం పరుగు మీద ఉందని రోజూ వార్తల్లో చెబుతున్నారు. ఉండనివ్వండి, సంతోషమే. కానీ పరుగెత్తే దేశానికి అడ్డంగా రోడ్డు దాటాల్సినవాళ్ల గతేమిటి? మన వీధి ముందున్న రోడ్డును వెడల్పు చేశాక, ఇటు మనం, అటు బస్టాపు, మధ్యలో యముడు. అప్పుడు మీరంతా మా ఇంటికొచ్చారు. సెలూన్ పెద్దాయనను లోపలికి రమ్మంటే గుమ్మం దగ్గరే మెట్టు మీద కూర్చుని, "నాలుగు తెల్లగీతలు వేయించమ్మా చాలు, నీ పేరు చెప్పుకుని దాటుతాం" అన్నారు. వేయించాను. అవి బండ్లు నిలుపుకోవడానికేమో అనుకుని అందరూ వాటి మీదే నిలిపారు. వంతెన అడిగారు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి వేయించాను. "అంత ఎత్తు మెట్లెక్కడానికి మేమేమన్నా కోతులమా?" అంది బేకరీ వదిన. దాంతో కదిలే మెట్ల కోసం ఏకంగా మంత్రిగారి దగ్గరికే వెళ్లాను.

"మీ వార్డులో అంత బద్ధకస్తులున్నారా?" అన్నారాయన.

"లేదండి, మోకాళ్లున్నవాళ్లున్నారు" అన్నాను. పాపం ఆయనకూ ఉన్నట్టున్నాయి, వెంటనే సంతకం పెట్టారు.

ప్రారంభోత్సవం రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. మెట్లు తమంతట తాము గరగరమంటూ పైకి వెళుతున్నాయి. ఎక్కేవాళ్లు మాత్రం లేరు. మంత్రిగారు తన బూట్ల వైపు చూసుకుంటున్నారు, నేను మంత్రిగారి వైపు చూస్తున్నాను, టీవీవాళ్లు మా ఇద్దరి వైపూ చూస్తున్నారు. అప్పుడు మా అత్తయ్య, అదిగో ముందు వరుసలో కళ్లజోడు తుడుచుకుంటున్న ఆవిడే, అందరినీ మోచేత్తో పక్కకు నెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని, ఠీవిగా ఎక్కేసింది. చప్పట్లు మోగిపోయాయి. పైకి వెళ్లాక వంతెన అవతలికి ఒకసారి చూసి, "అబ్బే, నాకు ఆ పక్క పనేమీ లేదు" అని వెనక్కి తిరిగి, అవే మెట్ల మీద దిగడం మొదలుపెట్టింది.

ఆవిడ దిగుతోంది. మెట్లు ఎక్కుతున్నాయి. మనిషి మాత్రం ఉన్నచోటే ఉంది.

"అత్తయ్యా, దిగండి!" అని అరిచాను.

"దిగుతూనే ఉన్నానే! ఇదే నన్ను దిగనివ్వట్లేదు!" అంటూ, చెప్పులున్న చెయ్యి నా వైపు ఊపింది. కింద నుంచి మంత్రిగారికి ఆవిడ దీవిస్తున్నట్టు కనిపించిందేమో, వినయంగా రెండు చేతులూ జోడించారు. (పెద్దగా నవ్వులు)

మీటనొక్కి మెట్లు ఆపి ఆవిడను దింపుకున్నాం. నవ్వుకుని మర్చిపోవాల్సిన సంగతి. కానీ సాయంత్రానికి టీవీలో ఏం వచ్చింది? "దిగే మెట్లు ఏవని మంత్రిని నిలదీసిన వృద్ధురాలు." చెప్పు చూపించిన చోట ఎర్ర గుండ్రం గీసి మరీ వేశారు. అప్పటిదాకా దిగడానికి మెట్లు కదలాలన్న ఆలోచన ఈ వార్డులో ఒక్కరికైనా ఉందా? గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి. మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి వాకిలి నిండా జనం. "ఎక్కడానికే ఉన్నాయి, దిగడానికి లేవా? మేం పైనే ఉండిపోవాలా?" అని. మా అత్తయ్య కూడా వాళ్లలోనే నిలబడి ఉంది. "మీరెందుకు అత్తయ్యా ఇక్కడ?" అంటే, "నేనే కదే మొదలుపెట్టింది, మధ్యలో వదిలేస్తే బావుండదు" అంది.

ఎన్నికలొచ్చాయి. మా పార్టీ కింద వాటాలో ఉంది కాబట్టి అవతలి పార్టీవాళ్లు నేరుగా పై వాటాకు వెళ్లి మా తోటికోడలిని అడిగారు. ఈవిడ మామూలు మనిషి కాదు. స్కూళ్లో పీటీ టీచరు, గొంతులోనే ఈల ఉంది. తన నినాదం ఏమిటో తెలుసుగా? "ఎక్కించింది ఆవిడ, దించేది నేను!" (నవ్వులు, చప్పట్లు) అధ్యక్షురాలు కూడా నవ్వుతోంది చూడండి. ఆ ప్రచారం జరిగినన్నాళ్లూ మా ఆయనా మా మరిదీ ఒకే సోఫాలో, ఎవరి పార్టీ టోపీ వాళ్లు పెట్టుకుని, ఒకే పళ్లెంలో బిస్కెట్లు తింటూ టీవీ చూశారు. తిట్టుకున్నది మేమిద్దరమే.

అన్న మాట ప్రకారం నన్ను దించేసింది.

ఇక్కడ నవ్వించేదేమీ లేదు. ఆ సాయంత్రం పై వాటాలో బాణసంచా శబ్దాలు వినిపిస్తుంటే, నేను మా రెండు వాటాల మధ్యనున్న మెట్ల తలుపుకు నా వైపు నుంచి గడియపెట్టాను. దుమ్ముపట్టిన కుట్టుమిషను ముందు కూర్చుని, గుడ్డ లేకుండానే తొక్కుతూ ఉండిపోయాను. ఇంత చేసి ఏం లాభం అనిపించింది. ఎంత కుట్టినా చాలదనే మనుషులు వీళ్లు అనిపించింది. మిమ్మల్ని మనసులో ఏమేమి అన్నానో ఇప్పుడు చెప్పను, పిల్లలున్నారు.

కాసేపటికి తలుపు దబదబా బాదిన చప్పుడు. పై వాటాలో గెలుపు విందు తిన్న మా అత్తయ్య, పడుకోవడానికి కిందికి రాబోయి గడియ దగ్గర ఇరుక్కుపోయింది. "ఏమే, ఓడింది నువ్వయితే నన్ను మెట్ల మీద నిలబెడతావేంటి?" అని కేకలు. తియ్యక తప్పింది కాదు. తీస్తే ఆవిడ వెనకాలే మా తోటికోడలు ఉంది. చేతిలో ఉన్న మిఠాయి డబ్బా అక్కడ మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. నేను తినలేదు. మా ఆయన తిన్నారు.

మర్నాడు నన్ను ఓదార్చడానికి మీరంతా వచ్చారు. సెలూన్ పెద్దాయన తిన్నగా లోపలికొచ్చి, నా కుర్చీలో కూర్చుని, "గెలుపోటములు సహజం, మీరు బెంగపడకండి" అని చాలాసేపు ధైర్యం చెప్పి, లేవబోతూ, "అన్నట్టు, మా సెలూన్ ముందు డ్రైనేజీ మూత విరిగింది. కొత్తావిడ ప్రమాణం చేసేదాకా ఆగాలంటారా, మీరే ఒకసారి ఫోన్ చేస్తారా?" అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఆయన కూర్చున్న కుర్చీ వైపు చూశాను. నాలుగు గీతల కోసం గుమ్మం దాటి లోపలికి రాని మనిషి, ఇవాళ నా కుర్చీలో కాలుమీద కాలేసుకుని మూత ఎప్పుడని అడుగుతున్నాడు. నేను ఈ వార్డుకు ఏం చేశానని ఎవరైనా అడిగితే, దీపాలు కాదు, వంతెన కాదు, అదిగో ఆ కాలుమీద కాలు చూపిస్తాను. ఫోన్ చేశాను. మూత వచ్చింది. "కాస్త చప్పుడవుతోందమ్మా" అన్నారు. అది వేరే సంగతి.

ప్రమాణస్వీకారం అయిన మర్నాడే పై వాటా మెట్ల నిండా జనం. పెరటి దారిన మా తోటికోడలు నా వంటింట్లోకి వచ్చి పడింది. జుట్టు దువ్వుకోలేదు, మెళ్లో ఈల మాత్రం ఉంది.

"అక్కా, దిగే మెట్లు ఎప్పుడంటున్నారు. వాటికి పైకప్పు కావాలంటున్నారు. పైకప్పుకు ఫ్యాన్లు కావాలంటున్నారు! అసలు ఇంకా ఏమీ మొదలే పెట్టలేదు, నేనేం చెప్పాలి?"

నాకు లోపల ఎంత ఆనందం కలిగిందో మాటల్లో చెప్పలేను. (నవ్వులు) కానీ ఆ మొహం చూస్తే నవ్వు రాలేదు.

"ముందు అందరినీ కూర్చోబెట్టు" అన్నాను. "నిలబడి అడిగేవాళ్లు ఎక్కువ అడుగుతారు. చేస్తానని చెప్పకు, చూస్తానని అసలే చెప్పకు. ఎవరి దగ్గర ఆగిందో చెప్పు, అడిగినవాళ్లను కూడా తీసుకుని అక్కడికి వెళ్లు."

"నువ్వూ వస్తావా?"

వెళ్లాను. ఇద్దరం కలిసి మున్సిపల్ ఆఫీసుకు వెళితే ఇంజనీరు గారు మమ్మల్ని చూసి బల్ల కింద పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టారు. ఈవిడ ఈల ఊదింది. ఆయన లేచారు. దిగే మెట్లు మంజూరైన కాగితం ఇవాళ ఉదయమే చేతికొచ్చింది. ఈ ముక్క అధ్యక్షురాలు ప్రకటించాల్సింది, నేను నోరు జారాను, క్షమించాలి. (చప్పట్లు)

ఇక ముగిస్తాను, టీ చల్లారిపోతోంది. ఒక్క సంగతి మాత్రం ఇవాళ తేలాలి. మేమిద్దరం పోటీ చేసినప్పటి నుంచీ మా అత్తయ్య ఓటు ఎవరికేసిందో చెప్పడం లేదు. నాకే అని నేను, తనకే అని ఈవిడా, ఇప్పటికీ పందెం కాస్తున్నాం. అత్తయ్యా, ఇంతమంది పెద్దలున్నారు, ఇప్పుడైనా చెప్పండి. ఎవరికేశారు?

(ముందు వరుసలోంచి ఆవిడ లేచి నిలబడి, మైకు అక్కర్లేని గొంతుతో:)

"చెప్పను. పొద్దున కాఫీ నువ్విస్తున్నావు, రాత్రి కాళ్లు అది పడుతోంది. చెప్పేస్తే రెండిట్లో ఒకటి ఆగిపోతుంది!"

(నవ్వులు, చాలాసేపు)

విన్నారుగా. ఇన్నేళ్లు రాజకీయాల్లో ఉండి నేను నేర్చుకోలేనిది ఆవిడ ఇంట్లో కూర్చుని నేర్చుకుంది. మీరూ ఎవరికీ చెప్పకండి. అడుగుతూనే ఉండండి. నన్ను భరించినందుకు, బహిరంగంగా సాగనంపుతున్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. పదండి, టీ తాగుదాం. సెలవు.